మదర్‌బోర్డు ఎలా ఎంచుకోవాలి: మే నెల మధ్యాహ్నం మూడింటికి కూడా వేగం తగ్గకుండా

మా బావమరిది పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. మల్కాజ్‌గిరిలో మేడ మీద గది, పైన నేరుగా స్లాబు. ముహూర్తాలు గుంపుగా పడేది ఎండాకాలంలో. అంటే అతని కంప్యూటర్‌కి చాకిరీ పెరిగేదీ, ఆ గది పొయ్యిలా కాలేదీ ఒకే నెలలో. కొన్నేళ్ల కిందట ఆ కంప్యూటర్ నేనే కట్టించాను. ప్రాసెసర్ దగ్గర వెనకాడలేదు, ఐ7-12700కే తీసుకున్నాం. ఖర్చు దాటుతోందని మదర్‌బోర్డు దగ్గర మాత్రం పిసినారితనం చేశాను. హెచ్610 రకంలో బాగా చవకది చూసి తెచ్చాను. పెట్టె మీద ఆ ప్రాసెసర్ పనిచేస్తుందనే రాసుంది. అది అబద్ధమూ కాదు.

జనవరిలో బ్రహ్మాండంగా నడిచింది. మేలో ఫోన్ వచ్చింది. "బావా, పొద్దున ఇరవై అయిదు నిమిషాల్లో అయిపోయే ఎక్స్‌పోర్టు మధ్యాహ్నం నలభై నిమిషాలు పడుతోంది. వైరస్సేమో చూస్తావా?"

వెళ్లి చూస్తే 4.7 గిగాహెర్ట్జ్‌లో పరిగెత్తాల్సిన కోర్లు 2.9 దగ్గర ఈడుస్తున్నాయి. ప్రాసెసర్ వేడి 70 డిగ్రీలు కూడా లేదు. మరి వేగం ఎక్కడ పోతోంది? కేబినెట్ పక్క రేకు తీసి, ప్రాసెసర్ ఎడమ వైపు వరుసగా ఉన్న చిన్న నల్ల చిప్పుల దగ్గరకి వేలు తీసుకెళ్లి, తాకకముందే వెనక్కి లాక్కున్నాను. వాటి మీద హీట్‌సింక్, అంటే వేడి లాగేసే లోహపు దిమ్మ, లేదు. వేడి తట్టుకోలేక బోర్డే ప్రాసెసర్‌ను నెమ్మదించమంటోంది. టేబుల్ ఫ్యాన్ తెచ్చి ఎదురుగా పెడితే రెండు నిమిషాల్లో వేగం 4 దాటింది. తప్పు బోర్డుది కాదు, దానికి ఆ బరువు ఎత్తిన నాది.

అందుకే ఈ పద్ధతి రాస్తున్నాను. ఓవర్‌క్లాకింగ్ (చిప్‌ను కంపెనీ పెట్టిన వేగం కంటే పైకి పెంచడం) చేసేవాళ్లకీ, అస్సలు చేయకుండా కొన్న వేగం కొన్నట్టు రావాలనుకునేవాళ్లకీ ఇది ఒకటే దారి.

ముందు ఇది తేల్చుకోండి: ఓవర్‌క్లాకింగ్ మీకు కావాలా?

ప్రాసెసర్ వేగం రెండు అంకెల గుణకారం. బేస్ క్లాక్ మామూలుగా 100 మెగాహెర్ట్జ్ ఉంటుంది. దాన్ని ప్రాసెసర్ తన మల్టిప్లయర్‌తో హెచ్చిస్తుంది. 100ని 48తో హెచ్చిస్తే 4.8 గిగాహెర్ట్జ్. ఆ 48ని మీ చేత్తో 51 చేయడమే ఓవర్‌క్లాకింగ్. వినడానికి తేలికే, కానీ వేగం పెంచితే చిప్ తడబడుతుంది. తడబడకుండా ఉండాలంటే వోల్టేజీ పెంచాలి. అసలు ఖర్చు అక్కడ మొదలవుతుంది.

ఒక లెక్క వేసి చూడండి. చిప్ లాగే వాట్లు వేగంతో నేరుగా, వోల్టేజీతో వర్గంగా పెరుగుతాయి. 1.20 వోల్టుల దగ్గర 4.8లో నడిచే చిప్‌ను 5.1కి తీసుకెళ్లడానికి 1.35 వోల్టులు పట్టిందనుకుందాం. వేగం పెరిగింది 6 శాతం చిల్లర. వోల్టేజీ వల్ల ఖర్చు 1.27 రెట్లు, వేగం వల్ల 1.06 రెట్లు, రెండూ కలిపితే సుమారు 1.34 రెట్లు. అంటే 6 శాతం వేగానికి 34 శాతం అదనపు వాట్లు, అంత అదనపు వేడి. చలికాలంలో ఊటీలో కూర్చునేవాళ్లకి ఇది సరదా. మనకి మే నెల ఉంది.

పాత రోజుల్లో కథ వేరు. 1998లో వచ్చిన సెలెరాన్ 300ఏ చిప్‌కి బస్ వేగాన్ని (అప్పటి బేస్ క్లాక్ లాంటిది) 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కి మారిస్తే 300ది కాస్తా 450 అయ్యేది. సగం వేగం ఊరికే. 2000 ప్రాంతంలో ఏఎండీ అథ్లాన్, డ్యూరాన్ చిప్పుల పైన ఉండే సన్నటి గీతలను మామూలు పెన్సిల్‌తో కలిపి మల్టిప్లయర్ తాళం తీసేవాళ్లు. ఇప్పుడు ఆ మిగులంతా కంపెనీలే టర్బో (చిప్ తనంతట తనే అందుకునే పై వేగం) పేరుతో ముందే పిండేసి అమ్ముతున్నాయి. మనకి వదిలేది చెరుకు పిప్పే.

కాబట్టి నా అభిప్రాయం ఇది. గేములు ఆడేవాళ్లు, ఎడిటింగ్ చేసేవాళ్లు, కోడ్ రాసేవాళ్లలో చాలామందికి చేత్తో చేసే ఓవర్‌క్లాకింగ్ అక్కర్లేదు. టర్బో వేగం గంటలకొద్దీ నిలబడితే చాలు. దానితో ఆడుకోవడమే సరదా అంటారా, అది వేరే సంగతి. నాకూ ఆ జబ్బుంది.

ప్రాసెసర్ ముందు, బోర్డు తర్వాత

షాపుకెళ్లి "మంచి మదర్‌బోర్డు చూపించండి" అనకండి. ప్రాసెసర్ తేల్చుకోకుండా బోర్డు అడగడం, మనిషి కొలత లేకుండా చొక్కా కుట్టమన్నట్టే.

ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్ల పేరు చివర అక్షరం చూడండి. "కే" ఉంటే మల్టిప్లయర్ తాళం తీసి ఉన్నట్టు. "కేఎఫ్" కూడా అంతే, కాకపోతే అందులో గ్రాఫిక్స్ ఉండదు, విడిగా కార్డు కొనాలి. ఒట్టి "ఎఫ్" ఉంటే గ్రాఫిక్సూ లేదు, తాళమూ తీయలేదు. ఏ అక్షరమూ లేని 12400, 13500 లాంటివాటి మల్టిప్లయర్ పైకి కదలదు. వీటికి ఓవర్‌క్లాకింగ్ బోర్డు కొనడం దండగ.

ఏఎండీ రైజెన్ డెస్క్‌టాప్ చిప్పులు దాదాపు అన్నీ తాళం లేనివే. ఎక్స్3డీ అని చివర ఉండేవాటి దగ్గర కాస్త ఆగాలి. 5800ఎక్స్3డీకి మల్టిప్లయర్ పూర్తిగా బిగించేశారు. 7800ఎక్స్3డీలో కూడా పైకి పెంచలేరు గానీ కర్వ్ ఆప్టిమైజర్ అనే వోల్టేజీ సర్దుబాటు పనిచేస్తుంది. 2024 నవంబరులో వచ్చిన 9800ఎక్స్3డీకి మాత్రం తాళం తీసేశారు.

చిప్‌సెట్: ఏ బోర్డు ఒప్పుకుంటుంది, ఏది ఒప్పుకోదు

ప్రాసెసర్ తాళం తీసి ఉన్నా బోర్డు చిప్‌సెట్, అంటే ఏది కుదురుతుందో తేల్చే బోర్డు మీది చిప్, సరేననాలి. ఇంటెల్‌లో ఇది ముక్కుసూటి వ్యవహారం. 12, 13, 14 తరాల చిప్పులు కూర్చునే ఎల్‌జీఏ1700 సాకెట్‌లో జెడ్690, జెడ్790 బోర్డులు మాత్రమే ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్‌కి పనికొస్తాయి. బీ660, బీ760 బోర్డుల్లో ర్యామ్ వేగం పెంచుకోవచ్చు, ప్రాసెసర్ మల్టిప్లయర్ పెంచలేరు. హెచ్610లో రెండూ లేవు. కోర్ అల్ట్రా 200ఎస్ చిప్పుల ఎల్‌జీఏ1851 సాకెట్‌లోనూ ఇదే వరస: జెడ్890కి అన్నీ, బీ860కి ర్యామ్ వరకు.

బీ బోర్డును మాత్రం తక్కువ చేసి చూడకండి. 13500 చిప్ పేరుకి 65 వాట్లది, టర్బోలో 154 వాట్ల దాకా లాగుతుంది. ఆ టర్బో కొన్ని సెకన్ల తర్వాత తగ్గిపోకుండా, పవర్ లిమిట్‌ను, అంటే చిప్ లాగే వాట్ల హద్దును, బయోస్‌లో (బోర్డు సెట్టింగులుండే చోట) పెంచుకునే వీలు మంచి బీ760 బోర్డుల్లో ఉంటుంది. ఓవర్‌క్లాకింగ్ పేరెత్తకుండానే వచ్చే వేగం ఇది. బోర్డుకి ఆ 154 వాట్లు మోసే ఓపిక ఉంటేనే సుమా.

ఏఎండీలో ఏఎం4 సాకెట్‌కి ఏ320, ఏ520 తప్పిస్తే మిగతావి, అంటే బీ450, బీ550, ఎక్స్570 అన్నీ ఒప్పుకుంటాయి. 2022 సెప్టెంబరులో మొదలైన ఏఎం5లో ఏ620 ఒప్పుకోదు. బీ650, బీ850, ఎక్స్670, ఎక్స్870 ఒప్పుకుంటాయి. బీ840 పేరు చూసి మాత్రం బోల్తా పడకండి. బీ అక్షరం ఉన్నా అందులో ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ లేదు.

"ఎక్స్ బోర్డులో స్పీడ్ ఎక్కువొస్తది అన్నా" అని కౌంటర్ దగ్గర కుర్రాడు చెబితే నవ్వి ఊరుకోండి. ఎక్స్670 అంటే బీ650లో ఉండే చిప్‌సెట్ ముక్కలాంటివి రెండు. దానివల్ల యూఎస్‌బీలు, ఎస్‌ఎస్‌డీ స్లాట్లు పెరుగుతాయి. ప్రాసెసర్ వేగానికి దానితో సంబంధం లేదు. రైజెన్‌కి దిట్టమైన బీ650 బోర్డు దొరికితే నేనైతే అక్కడే ఆగిపోతాను.

వీఆర్‌ఎం: అసలు డబ్బు పెట్టాల్సింది ఇక్కడ

కంప్యూటర్ పవర్ సప్లై ప్రాసెసర్ కోసం పంపేది 12 వోల్టులు. ప్రాసెసర్ తాగేది ఒక వోల్టు, ఒకటింపావు వోల్టు. మధ్యలో దించేది వీఆర్‌ఎం. ప్రాసెసర్ సాకెట్ ఎడమ పక్కన, పైన వరుసగా కనిపించే చదరపు దిమ్మలు, నల్ల చిప్పులు, చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్లు అన్నీ కలిసి అదే.

అది మోసే బరువెంతో చూడండి. ఇంటెల్ 14900కే టర్బోలో 253 వాట్లు లాగుతుంది. 1.2 వోల్టుల దగ్గర అంటే 200 ఆంపియర్ల పైమాట. ఇంట్లో ఒకటిన్నర టన్నుల ఏసీ లాగేది 7, 8 ఆంపియర్లే. అన్ని ఆంపియర్లు అరచేతి వెడల్పు రాగి రేకులోంచి పోవాలి. వీఆర్‌ఎం సామర్థ్యం 90 శాతం అనుకున్నా సుమారు 28 వాట్లు దారిలోనే వేడిగా పోతాయి. రేడియో రిపేరు షాపుల్లో టంకం పెట్టే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. అలాంటిదొకటి మీ కేబినెట్‌లో, ప్రాసెసర్ పక్కన, గంటలకొద్దీ వెలుగుతున్నట్టు ఊహించుకోండి. హీట్‌సింక్ లేని బోర్డు మా బావమరిది గదిలో ఎందుకు చేతులెత్తేసిందో అర్థమవుతుంది.

బోర్డు చేతికిచ్చినప్పుడు ఇలా చూడండి. చదరపు దిమ్మల్ని చోక్‌లు అంటారు. సాధారణంగా ఒక్కో ఫేజుకి, అంటే బరువు పంచుకుని కరెంటు మోసే ఒక్కో దారికి, ఒక్కోటి. లెక్కపెట్టండి. వాటిలో ఒకటి రెండు గ్రాఫిక్స్‌కో, చిప్‌లోని ఇతర భాగాలకో పోతాయి, మిగతావి కోర్లకి. పెట్టె మీద "14+2+1" అని రాసేది దీన్నే. 16 ఫేజులని గొప్పగా రాసిన కొన్ని బోర్డుల్లో కంట్రోలర్ నిజంగా నడిపేది 8నే, ఒక్కోదానికి రెండేసి జత చేస్తారు. అది మోసమేమీ కాదు, బరువు పంచుకోవడానికి పనికొస్తుంది. కానీ అంకె చూసి ఇది రెట్టింపు గొప్పదని మురిసిపోకండి.

ఫేజుల సంఖ్య కన్నా ఒక్కో ఫేజు ఎన్ని ఆంపియర్లదో అడగండి. ఫేజులో కరెంటు మోసే చిప్పుల్ని పవర్ స్టేజ్‌లు అంటారు, అవి 50, 60, 80, 90 ఆంపియర్లవి ఉంటాయి. కంపెనీ వెబ్‌సైట్‌లో స్పెసిఫికేషన్ల కింద దొరుకుతుంది. అసలు రాయలేదంటే అక్కడ చెప్పుకోదగ్గదేమీ లేదనే నేను అర్థం చేసుకుంటాను. ఆరు ఫేజులు, ఒక్కోటి 50 ఆంపియర్లు అంటే కాగితం మీద 300. 200 సరిపోతుంది కదా అనిపిస్తుంది. అయిదుగురు పట్టే ఆటోలో అయిదుగురూ ఎక్కాక ఫ్లైఓవర్ ఎక్కించి చూడండి. పవర్ స్టేజ్ తన సత్తాలో సగం లోపు మోస్తేనే చల్లగా, పొదుపుగా నడుస్తుంది.

నేను వాడే లెక్క ఇది, శాస్త్రం కాదు, అలవాటు. 65 వాట్ల చిప్‌కి కోర్లకి ఆరు ఫేజులు, పైన హీట్‌సింక్ ఉంటే నిశ్చింత. 12700కే లాంటి 125 వాట్ల "కే" చిప్‌కి, 170 వాట్ల రైజెన్ 9కి 60 ఆంపియర్లవి పన్నెండు, పైన బరువైన హీట్‌సింక్. ఇక 14900కేకి చవక బోర్డు వెతకొద్దు. అంత డబ్బు బోర్డు మీద పెట్టలేకపోతే చిప్‌నే ఒక మెట్టు దించండి. దించిన చిప్ మంచి బోర్డు మీద మధ్యాహ్నం కూడా పరిగెత్తుతుంది.

హీట్‌సింక్‌ను కళ్లతో కాదు, చేత్తో చూడాలి. కొన్నిటికి పైన పెద్ద ప్లాస్టిక్ ముసుగు, రంగుల లైట్లు, దాని కింద అగ్గిపెట్టెంత లోహం. బోర్డు అంచు పట్టుకుని ఎత్తితే బరువు తెలుస్తుంది. మెట్లు మెట్లుగా గాడులున్నది గాలికి వేడి వదులుతుంది. నున్నగా తళతళలాడేది ఫొటోకి బాగుంటుంది. స్క్రూలతో బిగించినదైతే ప్లాస్టిక్ పిన్నులతో గుచ్చినదానికంటే గట్టిగా కూర్చుంటుంది.

పై మూల ప్రాసెసర్ పవర్ ప్లగ్గు చూడండి. 4 పిన్నులదే ఉంటే "కే" చిప్ మాట మరిచిపోండి. 8 పిన్నులు ఒకటి ఉంటే మనబోటి వాళ్లకి చాలు. రెండోది ఖాళీగా వదిలేసినా కంప్యూటర్ ఆగదు, కంగారుపడకండి.

రివ్యూ అంకెలకి మన ఎండ కలపండి

కొనేముందు ఆ బోర్డు వీఆర్‌ఎం వేడిని కొలిచిన రివ్యూ ఒకటైనా చూడండి. అందులో చివరి అంకె కన్నా ముందు గది ఉష్ణోగ్రత ఎంతని రాశారో చూడండి. విదేశాల్లో చాలావరకు 21, 22 డిగ్రీల ఏసీ గదిలో కొలుస్తారు. మన గది మేలో 38 అనుకుంటే తేడా 16. వాళ్లకి 85 వచ్చిందంటే మనకి ఉజ్జాయింపుగా 101. వాళ్లు "పర్లేదు" అన్న బోర్డు మన దగ్గర వేగం తగ్గించడం మొదలుపెట్టే గీత దగ్గరకి వస్తుంది. ఏసీ గదిలోనే వాడతానంటే ఈ లెక్క అక్కర్లేదు. కరెంటు బిల్లు మీదే.

కూలర్ సంగతి కూడా ఇక్కడే ముడిపడి ఉంది. నిలువుగా నిలబడే టవర్ కూలర్ ఫ్యాన్ గాలి కొంత వీఆర్‌ఎం మీద నుంచి కూడా పోతుంది. నీళ్ల కూలర్ పెడితే ప్రాసెసర్ చల్లబడుతుంది గానీ సాకెట్ చుట్టూ గాలి కదలదు. అందుకే నీళ్ల కూలర్ పెట్టాలనుకుంటే బోర్డు హీట్‌సింక్ ఇంకాస్త గట్టిది చూసుకోండి, కేబినెట్ వెనక ఫ్యాన్ తప్పనిసరి చేయండి.

ఇంకో మాట, మన ఇళ్లలో గడ్డి కూలర్లు ఉంటాయి. చల్లగా ఉంటుందని కేబినెట్‌ను దాని మూతికి ఎదురుగా పెట్టేవాళ్లను చూశాను. ఆ తేమ గాలికి దుమ్ము హీట్‌సింక్ గాడుల్లో అట్టకట్టిపోతుంది. పక్కకి జరపండి.

ర్యామ్: తక్కువ ఖర్చుతో దొరికే వేగం

ప్రాసెసర్‌ను గిల్లకుండా వచ్చే లాభం ర్యామ్‌లో ఉంది. ఎల్‌జీఏ1700 బోర్డుల్లో డీడీఆర్4వీ డీడీఆర్5వీ రెండు రకాలూ ఉన్నాయి. ఒకదాని ర్యామ్ ఇంకోదాంట్లో పట్టదు, బిల్లు రాయించేముందు చూసుకోండి. ఏఎం5, ఎల్‌జీఏ1851లకి డీడీఆర్5 ఒక్కటే. రైజెన్ 7000, 9000లకి 6000 వేగం ర్యామ్ కొంటే సరిపోతుంది, అంతకు మించి పెట్టే డబ్బుకి ఫలితం పలచబడుతుంది.

ఒకటి కాదు, రెండు కర్రలు కొనండి. 32 జీబీ కావాలంటే 16వి రెండు. ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి. నాలుగూ నింపితే డీడీఆర్5 వేగం బాగా పడిపోతుంది. "తర్వాత ఇంకో రెండు కలుపుకోవచ్చులే" అనే ఆలోచన డీడీఆర్4 రోజుల్లో నడిచింది, ఇప్పుడు మొదటే సరిపడా కొనేయడం మేలు. బోర్డు కంపెనీ వెబ్‌సైట్‌లో ఏ ర్యామ్‌లను పరీక్షించారో జాబితా ఉంటుంది. మీరు కొనేది అందులో ఉంటే ఒక తలనొప్పి తగ్గినట్టే.

బయోస్, వెనకున్న చిన్న బటన్

ఓవర్‌క్లాకింగ్‌లో తప్పటడుగులు తప్పవు. సెట్టింగ్ తేడా వస్తే స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది. అప్పుడు ఆదుకునేవి మూడు: ఎక్కడ ఆగిందో చూపే చిన్న లైట్లు, సెట్టింగులు చెరిపేసే క్లియర్ సీమాస్, ప్రాసెసర్ లేకపోయినా పెన్‌డ్రైవ్‌తో బయోస్ ఎక్కించే ఫ్లాష్‌బ్యాక్ బటన్. మూడోది ఉన్న బోర్డుకి కొంచెం ఎక్కువ ఇచ్చినా నాకు బాధ ఉండదు. పాత స్టాకు బోర్డు, కొత్త తరం చిప్ తీసుకుంటే ఆ బటనే దిక్కు.

కొత్త బయోస్ ఎక్కించడం అలంకారం కాదు. ఇంటెల్ 13, 14 తరాల పెద్ద చిప్పుల్లో అవసరానికి మించిన వోల్టేజీ వెళ్లి చిప్పులు క్రమంగా పాడవుతున్నాయని తేలింది. దానికి 2024 ఆగస్టు, సెప్టెంబరుల్లో ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రాము) సవరణలు ఇచ్చింది, వారెంటీ రెండేళ్లు పెంచింది. 2023లో ఏఎం5 బోర్డుల్లో ఎక్స్3డీ చిప్పులు కాలిపోయాక ఏఎండీ ఎస్‌ఓసీ వోల్టేజీని (చిప్‌లో కోర్లు కాని మెమరీ కంట్రోలర్ లాంటి భాగాలకి వెళ్లేది) 1.3 దగ్గర కట్టేసింది. ఈ సవరణలన్నీ మనకి అందేది బయోస్ ద్వారానే. సెకండ్ హ్యాండ్‌లో 13900కే, 14900కే లాంటివి చవగ్గా దొరుకుతున్నాయంటే ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి.

పార్క్‌లేన్‌లో బేరం

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ సామాన్ల షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్, మనందరి నోట సీటీసీ. ప్యారడైజ్ మెట్రోలో దిగి నడిచి వెళ్లొచ్చు. బండి వేసుకెళ్తే పార్కింగ్‌కే సగం ఓపిక పోతుంది.

వెళ్లేముందు రెండు మోడళ్ల పేర్లు కాగితం మీద రాసుకోండి, ఆన్‌లైన్ ధరలు ఫోన్‌లో పెట్టుకోండి. మీరు అడిగినది లేకపోతే షాపతను "అది బంద్ అయింది అన్నా, గిది తీస్కోండ్రి, సేమ్ టు సేమ్, మస్తు నడుస్తది" అంటాడు. ఆ "సేమ్ టు సేమ్" దగ్గర ఆగండి. పేరులో ఒక్క అక్షరం తేడాతో వీఆర్‌ఎం సగానికి సగం అయిపోయే బోర్డులు ఉన్నాయి. పక్కకి జరిగి కంపెనీ వెబ్‌సైట్ తెరిచి చూసి, అప్పుడు మాట్లాడండి. ఒకటికి మూడు షాపులు తిరగండి, ఎవరూ ఏమీ అనుకోరు.

డబ్బిచ్చేముందు పెట్టె విప్పించి సాకెట్ చూడండి. ఇంటెల్‌లో, ఏఎం5లో పిన్నులు బోర్డు మీదే ఉంటాయి, వెంట్రుకంత సన్నగా. ఫోన్ టార్చ్ వాలుగా వేస్తే వరుసలన్నీ ఒకేలా మెరవాలి. ఎక్కడైనా ఒక చుక్క నల్లగానో, ఎక్కువ మెరుస్తూనో ఉంటే పిన్ను వంగినట్టు. ఇంటికొచ్చాక చూపిస్తే మీరే వంచారంటారు, వాదించి గెలవలేరు. అక్కడే వీడియో తీసుకోండి. సాకెట్ మీది నల్ల ప్లాస్టిక్ మూత పారేయకండి, వారెంటీకి ఇచ్చేటప్పుడు అది లేకపోతే తీసుకోం పొమ్మంటారు.

జీఎస్టీ బిల్లు మీద బోర్డు సీరియల్ నంబరు రాయించండి. "బిల్లు లేకుండా తగ్గిస్తా" అనే మాటకి లొంగితే మూడేళ్ల వారెంటీ గాలికి పోయినట్టే. ఓవర్‌క్లాకింగ్ వల్ల ప్రాసెసర్ పాడైతే వారెంటీ వర్తించదని ఇంటెల్, ఏఎండీ రెండూ రాసుకున్నాయి, అదీ తెలిసి దిగండి.

ఇంటికొచ్చాక వరస

అన్నిటికంటే ముందు ఎర్తింగ్. కంప్యూటర్ ఆన్‌లో ఉండగా కేబినెట్ లోహాన్ని తాకితే జివ్వుమంటోందా? పాత ఇళ్లలో ఇది మామూలే అని వదిలేస్తారు. వదలకండి, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. తర్వాత యూపీఎస్. బయోస్ ఎక్కుతుండగా కరెంటు పోతే బోర్డు మూగబోతుంది.

బయోస్ కొత్తది ఎక్కించి, ఏదీ మార్చకుండా ప్రాసెసర్‌కి పూర్తి పని పెట్టే సినీబెంచ్ ప్రోగ్రామును అరగంట తిప్పండి. పక్కన వేడి, వేగం చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి కోర్ల వేగం, ప్రాసెసర్ వేడి, వీఆర్‌ఎం వేడి కాగితం మీద రాసుకోండి. పది నిమిషాలతో ఆపొద్దు. ప్రాసెసర్ ఒక నిమిషంలో వేడెక్కుతుంది, వీఆర్‌ఎం హీట్‌సింక్ నిండుగా కాగడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది.

తర్వాత ర్యామ్ ప్రొఫైల్ ఆన్ చేయండి. ఇంటెల్‌లో ఎక్స్‌ఎంపీ, ఏఎండీలో ఎక్స్‌పో. ర్యామ్‌లో తప్పులు పట్టే మెమ్‌టెస్ట్86 ఒక రాత్రంతా నడవనివ్వండి. ఒక్క తప్పు వచ్చినా వేగం ఒక మెట్టు దించండి. ర్యామ్ తప్పులు ఇవాళ కనిపించవు, ఆరు నెలల తర్వాత పాడైన ఫైళ్ల రూపంలో బయటపడతాయి.

రైజెన్ అయితే మల్టిప్లయర్ జోలికి పోకుండా కర్వ్ ఆప్టిమైజర్‌లో అన్ని కోర్లకీ మైనస్ 10 పెట్టి చూడండి. వోల్టేజీ కొంచెం తగ్గుతుంది, వేడి తగ్గుతుంది, మిగిలిన జాగాలో చిప్ తనంతట తనే ఇంకాస్త వేగం అందుకుంటుంది. రెండు రోజులు మామూలుగా వాడి, తేడా లేకపోతే మైనస్ 15. కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు ఉన్నట్టుండి రీస్టార్ట్ అయితే వెనక్కి రండి.

ఇంటెల్ "కే" చిప్, జెడ్ బోర్డు అయితే మల్టిప్లయర్ ఒక్కో అంకె చొప్పున పెంచండి. వోల్టేజీని ఆటోలో వదిలేసి వేగం పెంచకండి. ఎందుకైనా మంచిదని బోర్డు అవసరానికి మించి గుమ్మరిస్తుంది. వోల్టేజీ మీరే పెట్టి, పెంచిన ప్రతిసారీ అరగంట ఓసీసీటీ పరీక్ష నడపండి. ముందు అంకెకి ఎంత వోల్టేజీ పెంచారో, తర్వాతి అంకెకి దానికి రెట్టింపు పెంచాల్సి వచ్చిన చోట ఆగిపోండి. అక్కడి నుంచి ఒక అంకె వెనక్కి వేసి, దాన్నే రోజువారీ సెట్టింగ్‌గా దాచుకోండి.

ఇదంతా డిసెంబరులో చేశారా? ఆ సెట్టింగ్ ఇంకా ఖాయం కాలేదు. రాసుకున్న కాగితం కేబినెట్ లోపలి రేకుకి అతికించి పెట్టుకోండి. మేలో ఒక ఆదివారం మధ్యాహ్నం మూడింటికి అదే అరగంట పరీక్ష మళ్లీ నడిపి, అంకెలు పక్కపక్కన పెట్టండి. ప్రాసెసర్ 95 దాటినా, వీఆర్‌ఎం 100 దాటినా మల్టిప్లయర్ రెండంకెలు దించి "ఎండాకాలం" అని ఇంకో ప్రొఫైల్ బయోస్‌లో దాచండి. బోర్డుల్లో ఇలాంటివి నాలుగైదు దాచుకునే చోటు ఉంటుంది.

మా బావమరిది హెచ్610 బోర్డు ఇప్పుడు మా చెల్లెలి కొడుకు దగ్గరుంది, 12400 చిప్‌తో. దానికి ఆ బోర్డు సరిగ్గా సరిపోయింది. బావమరిదికి బరువైన హీట్‌సింకున్న బీ760 వేశాం. టేబుల్ ఫ్యాన్ మళ్లీ అత్తయ్య గదిలోకి వెళ్లింది.